చిక్కడపల్లిలో కూర్చునే చోట్లు

హైదరాబాదు పటంలో చిక్కడపల్లి, అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వేర్వేరు పేర్లతో కనిపిస్తాయి గానీ, ఇక్కడ కాపురం ఉంటున్న మాబోటి వారికి అవన్నీ కలిపి ఒకటే పేట. ఒక చివర ఇందిరా పార్కు, మరో చివర నారాయణగూడ చౌరస్తా, మధ్యలో సినిమా హాళ్లు, గ్రంథాలయం, గానసభ, గుడులు, మసీదులు, లెక్కలేనన్ని చిన్న దుకాణాలు ఉన్న ఈ ప్రాంతాన్ని కాలినడకన చుట్టి రావడానికి ఒక సాయంత్రం చాలు. నగరం పడమటి దిక్కుకు ఎంత పెరిగినా, గచ్చిబౌలి వైపు ఎన్ని అంతస్తుల మేడలు లేచినా, ఈ పాత పేటలో జనసందడి తగ్గలేదు. దానికి కారణమేమిటని చాలాకాలంగా ఆలోచిస్తున్నాను. బస్సులు, మెట్రో దగ్గరలో ఉండడమే కారణమని కొందరు, అద్దెలు కాస్త అందుబాటులో ఉండడమని కొందరు అంటారు. ఆ మాటల్లో నిజముంది. అయితే వాటికంటే బలమైన కారణం మరొకటి నాకు కనిపిస్తోంది. జేబులో నుంచి రూపాయి తీయకుండా ఒక మనిషి గంటల తరబడి కూర్చోగల చోట్లు ఈ పేటలో ఇంకా మిగిలి ఉన్నాయి. ఇక్కడి చిన్న వ్యాపారాలు ఆ చోట్లను ఆనుకునే బతుకుతున్నాయి.

అలాంటి చోట్లలో మొదట చెప్పవలసింది నగర కేంద్ర గ్రంథాలయం. పొద్దున గేటు తీయకముందే అక్కడ పిల్లలు వచ్చి నిలబడతారు. పిల్లలు అంటున్నాను గానీ వారిలో చాలామంది డిగ్రీలు, పీజీలు పూర్తి చేసినవారు. గ్రూప్స్, పోలీసు, ఉపాధ్యాయ నియామక పరీక్షలకు సిద్ధమవుతున్నవారు. నల్లగొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం, ఆదిలాబాద్ వంటి జిల్లాల పల్లెల నుంచి వచ్చి ఇక్కడ గది తీసుకుని ఉంటున్నవారు. లోపల కుర్చీలు నిండిపోతే ఆవరణలోని చెట్ల కింద సొంత కుర్చీలు వేసుకుని, ఒడిలో అట్ట పెట్టుకుని చదువుతారు. ఎండ జరిగినకొద్దీ కుర్చీలు కూడా నీడ వెంట జరుగుతాయి. దినపత్రికల గదిలో మాత్రం వయసు మళ్లినవారు ఎక్కువ. పదవీ విరమణ చేసిన గుమాస్తాలు, ఉపాధ్యాయులు, మూతబడిన కార్ఖానాల్లో పనిచేసి ఇంటిపట్టున ఉంటున్నవారు పత్రికలన్నీ తిరగేసి, ముఖ్యమైన వార్త మీద గేటు బయట కాసేపు వాదించుకుని, భోజనం వేళకు ఇంటికి చేరతారు.

ఈ గ్రంథాలయాన్ని నడిపే డబ్బు ఎక్కడిదో చాలామంది పట్టించుకోరు. ఇంటి యజమాని పురపాలక సంస్థకు కట్టే ఆస్తిపన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ పన్నుగా చేరుతాయి. 1960 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం నుంచి వస్తున్న ఏర్పాటు ఇది. అంటే అశోక్‌నగర్‌లో రెండు గదుల ఇంటికి పన్ను కట్టే పెద్దావిడకు కూడా, అక్కడ కూర్చుని భారత రాజ్యాంగం చదువుతున్న కుర్రవాడి కుర్చీలో కొంత భాగముంది. ఈ సంగతి ఆమెకు ఎవరైనా చెబితే బాగుంటుందని నాకు అనిపిస్తుంది. వసూలైన ఆ పన్ను గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరితే కుర్చీలూ పుస్తకాలూ మరుగుదొడ్లూ ఇప్పటికంటే మెరుగ్గా ఉండేవనేది ఇక్కడ రోజూ కూర్చునే ప్రతి ఒక్కరి మాట.

ఇప్పుడు గేటు బయటికి వద్దాం. గ్రంథాలయంలో కూర్చోవడానికి ఖర్చు లేదు కాబట్టి, ఇంటి నుంచి వచ్చే కొద్దిపాటి డబ్బు ఆ విద్యార్థి చేతిలో మిగులుతుంది. ఆ డబ్బు మళ్లీ ఈ వీధుల్లోనే తిరుగుతుంది. పొద్దున ఇడ్లీ బండి, పదకొండు గంటలకు చాయ్, మధ్యాహ్నం మెస్సు, సాయంత్రం మిర్చి బజ్జీలు, రాత్రికి కర్రీ పాయింట్. కర్రీ పాయింట్ అనేది ఈ పేట ఆర్థిక వ్యవస్థలో ఎంత ముఖ్యమైనదో ఇక్కడ ఉన్నవారికే తెలుస్తుంది. గదిలో ముగ్గురో నలుగురో కలిసి ఉంటారు, రైస్ కుక్కర్‌లో అన్నం వండుకుంటారు, పప్పు ఒక పొట్లం, వేపుడు ఒక పొట్లం, సాంబారు ఒక పొట్లం తెచ్చుకుని పంచుకుంటారు. వంట చేసే సమయం మిగులుతుంది, గ్యాసు ఖర్చు ఉండదు. ఆ కర్రీ పాయింట్లలో భార్యాభర్తలు కలిసి నడిపేవే ఎక్కువ. ఆమె తెల్లవారుజామున వంట మొదలుపెడితే, ఆయన బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి కూరగాయలు తెస్తాడు.

జిరాక్స్ దుకాణాల సంగతి ఇంకా విశేషమైనది. బయటివారికి అది కేవలం నకళ్లు తీసే చోటు. ఇక్కడి జిరాక్స్ యజమానికి మాత్రం ఏ పరీక్షకు ఏ పేపరు ఉంటుందో, ఏ పేపరుకు ఏ పుస్తకం చదవాలో, తెలుగు అకాడమీ ప్రచురణల్లో ఏది దొరుకుతోందో, ఏది దొరకడం లేదో అన్నీ తెలుసు. తెలుగు అకాడమీ ఉన్న హిమాయత్‌నగర్ ఇక్కడికి కూతవేటు దూరమే. కొత్తగా ఊరి నుంచి సంచి భుజాన వేసుకుని దిగిన అబ్బాయి మొదట అడిగేది కోచింగ్ సెంటరును కాదు, "అన్నా, పాత పేపర్లు ఉన్నయా?" అని జిరాక్స్ అన్నను అడుగుతాడు. ఆ మాటకు జవాబుగా పేపర్లతో పాటు గది ఎక్కడ దొరుకుతుంది, ఏ మెస్సులో భోజనం బాగుంటుంది, ఎవరితో కలిసి చదివితే మంచిది అనే సలహాలు కూడా దొరుకుతాయి. ఏ నామఫలకమూ లేని సమాచార కేంద్రాలు ఇవి.

ఇదంతా సుఖంగా సాగుతోందని చెప్పడం నా ఉద్దేశం కాదు. 2022లో 503 గ్రూప్-1 పోస్టులకు ప్రకటన వచ్చినప్పుడు ఈ వీధులు కిటకిటలాడాయి. ఆ అక్టోబరులో జరిగిన ప్రాథమిక పరీక్ష ప్రశ్నపత్రాల లీకేజీ కారణంగా 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ జరిగిన పరీక్ష కూడా హైకోర్టులో నిలవలేదు. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన వచ్చి, ప్రధాన పరీక్షలు జరిగేసరికి అక్టోబరు వచ్చింది. ఆరు నెలల కోసమని వచ్చినవారు రెండేళ్లకు పైగా ఉండిపోయారు. ఇంటి నుంచి డబ్బు రావడం తగ్గిపోయింది. ఆ కాలంలో ఈ పేటను నిలబెట్టింది ఉద్దెర ఖాతా. కిరాణా దుకాణంలో, మెస్సులో, చాయ్ కొట్టులో పాత నోటు పుస్తకాల మీద పేర్లు, ఎదురుగా అంకెలు. గోడ మీద క్యూఆర్ కోడ్ అంటించి ఉన్నా, గల్లాపెట్టె పక్కన ఆ నోటు పుస్తకం మాత్రం పోలేదు. ఎంతమంది తీర్చారో, ఎంతమంది తీర్చకుండానే ఊరికి వెళ్లిపోయారో ఆ దుకాణదారులకే తెలుసు. అయినా, కొత్త ముఖం వచ్చి నిలబడితే "కూర్చో తమ్మీ, తిన్నంక మాట్లాడుదం" అనే మెస్సు యజమానురాలిని నేను ఎరుగుదును. ఆమె భర్త ఆజామాబాద్ పారిశ్రామికవాడలో పనిచేసి, కార్ఖానా మూతబడ్డాక ఈ మెస్సు పెట్టుకున్నాడు. పని పోవడం అంటే ఏమిటో తెలిసిన ఇల్లు కాబట్టి, పని కోసం చదివేవాడి ఆకలి వారికి త్వరగా అర్థమవుతుంది.

ఇటీవల అశోక్‌నగర్ గల్లీల్లో ప్రైవేటు స్టడీ హాళ్లు విపరీతంగా పెరిగాయి. ఒక అంతస్తు అద్దెకు తీసుకుని, అట్టపెట్టెల్లాంటి చిన్న చిన్న గూళ్లు కట్టి, ఒక్కొక్క గూటికి ఒక బల్బు, ఒక ప్లగ్గు, వైఫై, ఏసీ ఇచ్చి నెలకింత అని తీసుకుంటారు. రాత్రంతా తెరిచి ఉంటాయి, నిశ్శబ్దంగా ఉంటాయి, ఆడపిల్లలకు వేరే వరుసలు ఉంటాయి. వాటిని నేను తప్పుపట్టను. అవసరం ఉంది కాబట్టే పుట్టాయి. కానీ పౌర గ్రంథాలయంలో చోటు సరిపోకపోవడం వల్ల పుట్టిన వ్యాపారం అది అనే సంగతి మరిచిపోకూడదు. కుర్చీ కోసం నెలకు ఇంత అని కట్టినవాడు భోజనంలో ఒక పూట తగ్గించుకుంటాడు. ఆ తగ్గిన పూట ఎవరో ఒకరి మెస్సులో తగ్గుతుంది. గ్రంథాలయంలో మరో అంతస్తు వేసి, రాత్రి పూట కూడా తెరిచి ఉంచితే, దాని ఫలితం చదువుకునేవారికి ఎంత ఉంటుందో, చుట్టుపక్కల పొయ్యిలకూ అంతే ఉంటుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

గ్రంథాలయానికి దగ్గరలోనే వివేక్‌నగర్‌లో శ్రీ త్యాగరాయ గానసభ ఉంది. 1966లో ఏర్పడిన ఈ సంస్థ భవనంలో ఏ సాయంత్రం వెళ్లినా ఏదో ఒక కార్యక్రమం జరుగుతూనే ఉంటుంది. పెద్ద హాలులో నృత్య ప్రదర్శన అయితే, కళా సుబ్బారావు కళావేదికలో ఒక కవితా సంపుటి ఆవిష్కరణ. చాలా కార్యక్రమాలకు టికెట్ ఉండదు. లోపలికి వెళ్లి వెనక వరుసలో కూర్చుంటే మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. పిల్లల కూచిపూడి ప్రదర్శనకు బంధువులంతా వచ్చి ముందు వరుసల్లో కూర్చుంటారు. ఆ పిల్లలెవరో తెలియకపోయినా ప్రతిరోజూ వచ్చే వృద్ధులు వెనక వరుసల్లో తాళం వేస్తూ కూర్చుంటారు. అక్కడ జరిగే సన్మానాల సంఖ్య గురించి కొందరు చిన్నచూపుగా మాట్లాడతారు. నాకు అది సరికాదనిపిస్తుంది. ఒక మామూలు ఉద్యోగి ముప్పయ్యేళ్లు రాసుకున్న పద్యాలను పుస్తకంగా వేసుకుని, భార్యాబిడ్డల ముందు, స్నేహితుల ముందు ఆవిష్కరించుకోవడానికి ఈ మహానగరంలో అతనికి అందుబాటు ధరలో దొరికే వేదికలు ఎన్ని ఉన్నాయి? ఆ ఒక్క సాయంత్రం వెనుక పూలదండ కట్టే ఆమె, శాలువాలు అమ్మే దుకాణం, జ్ఞాపికల మీద పేర్లు చెక్కేవాడు, నాట్య దుస్తులు అద్దెకిచ్చేవారు, ఫ్లెక్సీలు ముద్రించేవారు, ఫోటోగ్రాఫర్, సభ ముగిశాక చాయ్ పోసేవాడు ఉన్నారు.

బాగ్‌లింగంపల్లి వైపు నడిస్తే సుందరయ్య విజ్ఞాన కేంద్రం వస్తుంది. పుచ్చలపల్లి సుందరయ్య 1985 మే 19న మరణించిన తరువాత ఆయన స్మృతిగా వెలసిన సంస్థ ఇది. ఇక్కడి దొడ్డి కొమరయ్య హాలు, షోయబ్ హాలు తెలంగాణలో సభలూ సమావేశాలూ జరుపుకునేవారందరికీ తెలిసిన పేర్లు. ఒకటి 1946లో కడవెండిలో తూటాకు బలైన రైతు బిడ్డ పేరు, మరొకటి తొలిరోజుల అభ్యుదయ పత్రికా రచయిత షోయబుల్లా ఖాన్ పేరు. రజాకార్ల చేతిలో 1948లో హతుడైన ఆ సంపాదకుడి పేరు, ఒక హాలు బుక్ చేసుకునేటప్పుడు ప్రతివారి నోటా పలకడం నాకు ఎంతో తృప్తినిస్తుంది. సంఘాల సమావేశాలు, పుస్తకావిష్కరణలు, సంస్మరణ సభలు, ఒక్కొక్కసారి పరస్పరం పడని అభిప్రాయాలవారి సభలు ఒకే రోజు పై అంతస్తులో ఒకటి, కింది అంతస్తులో ఒకటి జరుగుతాయి. రెండు సభలవారూ చాయ్ విరామంలో బయట ఒకే బండి దగ్గర నిలబడతారు.

ఈ కేంద్రానికి 2000 ఆగస్టు 24 మరచిపోలేని రోజు. ఒక్క రోజులో హైదరాబాదులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. హుస్సేన్‌సాగర్ మిగులు నీటి నాలా దోమలగూడ, అశోక్‌నగర్, గాంధీనగర్, బాగ్‌లింగంపల్లి మీదుగానే మూసీకి వెళుతుంది. నాలా పొంగి ఇళ్లూ దుకాణాలూ మునిగాయి. కేంద్రం గ్రంథాలయంలోకీ నీళ్లు చేరాయి. అబ్దుస్ సమద్ ఖాన్ సేకరించిన అమూల్యమైన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు అందులో చాలా దెబ్బతిన్నాయి. దక్కన్ చరిత్రను చదవాలనుకునే వారికి అది తీరని నష్టం. ఈ పేటలో పాత కాపురస్థులు ఇప్పటికీ పెద్ద వాన పడితే మొదట నాలా వైపు చూస్తారు. ఆనాడు మొదటి అంతస్తులో ఉన్నవారు కింది వాటాల వారిని తమ ఇళ్లలో పెట్టుకుని వంట చేసి పెట్టారు. దుకాణాల్లో తడిసిన బియ్యం బస్తాలను ఎండబెట్టుకోవడానికి డాబాలు ఇచ్చారు. ఆ పరిచయాలు చాలా కుటుంబాల మధ్య ఇప్పటికీ బంధుత్వాల్లా కొనసాగుతున్నాయి.

ఇందిరా పార్కు గురించి చెప్పకుండా ఈ పేట గురించి చెప్పలేము. 1975లో నాటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేయగా, 1978లో ప్రజలకు తెరిచిన ఈ పార్కు విస్తీర్ణం 76 ఎకరాలు. పొద్దున నడకకు వచ్చేవారి కోసం గేటు ముందర రాగి జావ, మొలకలు, కాకరకాయ రసం అమ్మేవారు బారులు తీరి ఉంటారు. ఆ పక్కనే ఉన్న ధర్నా చౌక్ ఈ నగరంలో సామాన్యుడు తన గోడు వినిపించుకోవడానికి కూర్చునే చోటు. అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, కాంట్రాక్టు ఉద్యోగులు, భూమి పోయిన రైతులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇక్కడ టెంటు కింద కూర్చున్నారు. 2017లో దీన్ని మూసివేసి ధర్నాలను ఊరి చివర్లకు పంపాలని చూశారు. 2018 నవంబరులో హైకోర్టు ఆదేశాలతో మళ్లీ తెరుచుకుంది. రాకపోకలకు ఇబ్బంది అన్న ఫిర్యాదు అప్పట్లో వినిపించింది. ఆ ఇబ్బంది నాకూ తెలుసు. కానీ ఊరికి దూరంగా ఎవరూ చూడని చోట కూర్చుంటే ఆ నిరసనకు అర్థమేముంటుంది? పైగా ధర్నా ఉన్న రోజున టెంటు హౌస్, మైక్ సెట్, పల్లీలు, జామకాయలు, నిమ్మసోడా, బ్యానర్లు రాసే చేయి అన్నిటికీ పని దొరుకుతుంది. మూసి ఉన్న కాలంలో ఆ పక్క వీధులు బోసిపోయాయి. పార్కు దాటి కొద్ది దూరం వెళితే ఎన్టీఆర్ స్టేడియం. పొద్దున నడకలు, క్రికెట్ ఆటలు జరిగే ఆ మైదానంలోనే డిసెంబరులో పుస్తక ప్రదర్శన పెడుతున్నారు. ఆ పది పన్నెండు రోజులు ఇక్కడి కుటుంబాలు సాయంత్రం పూట పిల్లల్ని చేయి పట్టుకుని నడుచుకుంటూనే పుస్తకాల జాతరకు వెళతాయి.

ఇక ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. ముషీరాబాద్‌లో ఆర్టీసీ ప్రధాన కార్యాలయం బస్ భవన్ ఉండడం వల్ల వచ్చిన పేరు అయినా, తెలుగు ప్రేక్షకులకు ఆ పేరు సినిమా హాళ్లతోనే గుర్తు. సంధ్య, సుదర్శన్ 35 ఎంఎం, దేవి, సప్తగిరి. సుదర్శన్ 70 ఎంఎం కనుమరుగై చాలాకాలమైంది, ఓడియన్ పాత రూపం పోయింది. మిగిలిన హాళ్ల ముందు పెద్ద హీరో సినిమా విడుదలైన రోజున ఇప్పటికీ కటౌట్లు, పూలదండలు, డప్పులు, టపాకాయలు. ఆ రోజు పూల వ్యాపారికి, బజ్జీల బండికి, బిర్యానీ హోటళ్లకు పండుగ. బయట నిలబడి చూడడానికి టికెట్ అక్కరలేదు. చాలామంది కేవలం ఆ సంబరం చూడడానికే వస్తారు. అయితే అంతమంది నిలబడడానికి అక్కడ స్థలం లేదు. 2024 డిసెంబరు 4 రాత్రి సంధ్య థియేటర్ వద్ద జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణాలు కోల్పోయింది, ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. ఆ సంఘటన తరువాత ఎవరిది తప్పు అనే వాదన చాలా జరిగింది. ఈ పేటలో ఉండేవాడిగా నాకు కలిగిన ఆలోచన వేరు. దశాబ్దాలుగా వేలమంది గుమిగూడే కూడలి అని అందరికీ తెలిసినా, నిలబడడానికి విశాలమైన కాలిబాట, కాసేపు కూర్చోవడానికి అరుగు, జనం బయటికి వెళ్లే దారి అక్కడ ఎన్నడూ ఏర్పడలేదు. జనం చేరే చోట జనానికి స్థలం ఇవ్వకపోవడం ప్రాణాల మీదికి తెస్తుంది.

ఆ కూడలి మీద ఇప్పుడు రెండు వంతెనలు ఉన్నాయి. 2020 ఫిబ్రవరి నుంచి జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్), ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) మధ్య మెట్రో నడుస్తోంది. దాన్ని అడ్డంగా దాటుతూ, ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ సిగరెట్ల కార్ఖానా వరకు కట్టిన ఉక్కు వంతెన 2023 ఆగస్టు 19న తెరుచుకుంది. దానికి నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. వీఎస్టీ కార్మిక సంఘానికి నాయకుడు, 1978లో ముషీరాబాద్ నుంచి శాసనసభకు ఎన్నికైనవాడు, తెలంగాణ తొలి హోం మంత్రి. పేరు ఎంతో సముచితమైనది. వంతెన వల్ల దూరం వెళ్లేవారికి చాలా సమయం కలిసివచ్చిందనడంలో సందేహం లేదు. కింద ఏం జరిగిందో కూడా చూడాలి. ఒకప్పుడు సిగ్నల్ దగ్గర ఆగిన మోటారు సైకిలు మనిషి పండ్ల బండి చూసి కిలో జామకాయలు కొనేవాడు, పంక్చరు దుకాణం చూసి గాలి కొట్టించుకునేవాడు. పైనుంచి వెళ్లేవాడికి ఇవేవీ కనిపించవు. వంతెన పక్కన ఉన్న చిన్న వ్యాపారులు చాలామంది నాతో చెప్పిన మాట ఇదే: ట్రాఫిక్ తగ్గింది, గిరాకీ కూడా తగ్గింది. వంతెన కింద మిగిలిన నీడ మాత్రం ఇంకా ఎవరికీ పూర్తిగా చెందలేదు. కొంత భాగంలో వాహనాలు నిలుపుతున్నారు, కొంత భాగంలో చెత్త చేరుతోంది.

కాలిబాట మీద అమ్ముకునేవారి విషయంలో మన మధ్యతరగతి వారికి ఒక చట్టం తెలియడం అవసరం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తిచేసి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించకూడదు. తరలించాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఈ చట్టం కింద ఏర్పడే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే తమలో తాము ఎన్నుకున్న ప్రతినిధులై ఉండాలి, వారిలో మూడోవంతు స్త్రీలు ఉండాలి. కాలిబాట నడిచేవారిదే అనే మాటతో నేను ఏకీభవిస్తాను. మా వీధిలో ఒక వృద్ధుడు చేతికర్రతో నడిరోడ్డు మీద నడవవలసి రావడం నాకు బాధ కలిగిస్తుంది. కానీ మా కాలిబాటలను గమనిస్తే సగం ఆక్రమణ బండ్లది కాదు. దుకాణాల మెట్లు, షట్టర్ల ముందు పేర్చిన సామాను, వరుసగా నిలిపిన ద్విచక్ర వాహనాలు, ట్రాన్స్‌ఫార్మర్లు. పురపాలక సంస్థ లారీ వచ్చినప్పుడు మాత్రం తొలగించేది బండ్లనే. ఎందుకంటే బండికి చక్రాలు ఉంటాయి, వాటిని ఎత్తుకెళ్లడం తేలిక.

ఇన్ని చోట్ల గురించి చెప్పినా, వాటిలో స్త్రీలకు దొరికేది ఎంత అనే ప్రశ్న నన్ను వదలదు. చాయ్ కొట్టు దగ్గర స్టూలు మగవాడిదే. సినిమా హాలు ముందు సంబరం మగవారిదే. గ్రంథాలయంలో అమ్మాయిలు పెద్ద సంఖ్యలో ఉంటారు, గానసభలో పెద్దవాళ్లయిన స్త్రీలు ఉంటారు, సుందరయ్య పార్కులో సాయంత్రాలు తల్లులు పిల్లల్ని ఆడిస్తూ ఉంటారు. అంటే గేటు, దీపం, మరుగుదొడ్డి, నలుగురి కాపలా ఉన్న చోట మాత్రమే వారు ధైర్యంగా కూర్చోగలుగుతున్నారు. హాస్టల్‌లో ఉండి చదువుకునే ఒక అమ్మాయి ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు "ఆంటీ, మెయిన్ రోడ్డు మీద శుభ్రమైన బాత్రూం ఒక్కటుంటే చాలు, ఇంకో రెండు గంటలు బయట చదువుకుంట" అని మా ఇంట్లో ఆవిడతో అన్నది. మధ్యాహ్నం నీళ్లు తాగడం మానేసి చదువుకునే పిల్లలు ఈ వీధుల్లో ఉన్నారన్న సంగతి ఆ రోజు నాకు స్పష్టంగా తెలిసింది. ఇది సిగ్గుపడవలసిన విషయం, సులభంగా సరిచేయగల విషయం కూడా.

అందువల్ల ఉక్కు వంతెన కింది స్థలం గురించి మా కాలనీ సంఘంలో కొందరం ఒక ప్రతిపాదన తయారు చేస్తున్నాం. వీఎస్టీ వైపు స్తంభాల మధ్య ఉన్న స్థలంలో ముందుగా స్త్రీలకు, పురుషులకు విడివిడిగా నిర్వహణతో కూడిన మరుగుదొడ్లు, ఒక తాగునీటి కొళాయి. ఆ తరువాత సిమెంటు అరుగులు, రాత్రి పన్నెండు వరకు వెలిగే దీపాలు. ఆ దీపాల కింద కూర్చుని చదువుకునేవారు చదువుకుంటారు, బస్సు కోసం ఎదురుచూసేవారు కూర్చుంటారు. ఇప్పుడు కాలిబాట మీద ఉన్న బండ్లకు అక్కడే గీతలు గీసి, ధ్రువపత్రాలు ఉన్నవారికి వరుసగా చోటు ఇవ్వాలి; ఎవరికి ఏ చోటు అన్నది విక్రయ కమిటీలోని వారి ప్రతినిధులే తేల్చుకోవాలి. వాహనాలు నిలపడానికి ఆ స్థలాన్ని కాంట్రాక్టుకు ఇస్తే వచ్చే రుసుము కంటే ఇది పేటకు ఎక్కువ మేలు చేస్తుందని కాగితం మీద చూపించడానికి, దుకాణదారుల వద్దకు వెళ్లి వారి అభిప్రాయాలు, సంతకాలు తీసుకుంటున్నాం. జిరాక్స్ దుకాణాలవారు అందరికంటే ముందు సంతకం చేశారు, నకళ్లు ఉచితంగా తీసి ఇస్తామన్నారు. సినిమా హాళ్ల వైపు ఉన్న హోటళ్ల యజమానులతో మాట్లాడవలసి ఉంది. అశోక్‌నగర్, జవహర్‌నగర్, గాంధీనగర్ సంఘాలవారు ఎవరైనా ఇది చదివితే, తమ వీధుల్లో కూర్చోవడానికి వీలున్న స్థలాల జాబితా, అక్కడ మరుగుదొడ్డి, దీపం, నీడ ఉన్నాయా లేవా అనే వివరాలు రాసి ఉంచుకోవాలని మనవి. వార్డు కార్యాలయానికి అన్ని సంఘాల తరఫున ఒకే వినతిపత్రంగా ఇవ్వాలన్నది మా ఆలోచన.